సినిమా విలేకరికి దక్కేది ఏమిటి, దాన్ని ఇచ్చేది ఎవరు?

శుక్రవారం ఉదయం నెక్లెస్ రోడ్డు పక్కన ప్రసాద్స్ మల్టీప్లెక్స్ దగ్గరికి మొదటి ఆట వదిలే వేళకు వెళ్లి చూడండి. బయటికి వస్తున్న ప్రేక్షకుల నోటి ముందు వరుసగా మైకులు ఉంటాయి. ఆ గుంపుకు దూరంగా ఒకాయన గోడ పక్కన నిలబడి ఫోనులో వేగంగా రాస్తుంటాడు. మధ్యాహ్నం భోజనాల లోపు ఆయన సమీక్ష వెబ్‌సైటులో కనబడాలి. మరొకామె ఎవరితోనూ మాట కలపకుండా ఆటో ఎక్కి ఆఫీసుకు వెళ్లిపోతుంది. ఆమె రాసింది మర్నాటి పత్రికలో వస్తుంది. మైకు పట్టుకున్న కుర్రవాడిని, ఫోనులో రాస్తున్న ఆయనను, ఆటో ఎక్కిన ఆమెను, ముగ్గురినీ మనం సినిమా జర్నలిస్టులు అనే అంటాం. కానీ ముగ్గురికీ డబ్బు వచ్చే దారి వేరు, పేరు వచ్చే దారి వేరు, భయపడవలసిన మనుషులు కూడా వేరు.

సమీక్షల వల్ల సినిమాలు దెబ్బతింటున్నాయని నిర్మాతలు అంటున్నారు. రేటింగులన్నీ అమ్ముడుపోయినవేనని పాఠకులు అంటున్నారు. ఈ రెండు ఆరోపణల మధ్య నిలబడి, ఈ వృత్తిలోకి రావాలనుకునే డిగ్రీ విద్యార్థులు ‘ఇందులో ఏముంది?’ అని అడుగుతున్నారు. పత్రికలోనూ, తర్వాత వెబ్‌లోనూ ఈ పని చేసినవాడిగా నాకు ఆ ప్రశ్న చాలా న్యాయమైనదిగా కనిపిస్తుంది. జవాబు మాత్రం ఒక్క మాటలో తేలదు. ఈ వృత్తిలో ప్రతిఫలం ఒక చోట నుంచి రాదు, ఒకే రూపంలోనూ రాదు. ఏది ఎవరి జేబులోంచి వస్తోందో తెలిస్తే తప్ప దాని విలువ తెలియదు.

ఒకే పేరు కింద ఉన్న వేర్వేరు పనులు

ముందు మాటలు విడదీసుకుందాం. బీటు రిపోర్టరు పని వార్త తేవడం: ఏ సినిమా ఎప్పుడు మొదలవుతోంది, ఏ షూటింగ్ ఎందుకు ఆగింది, పరిశ్రమ సంఘమైన ఫిలిం చాంబర్ సమావేశంలో ఏం తేల్చారు. సమీక్షకుడు విడుదలైన సినిమా చూసి అది ఎలా ఉందో, ఎందుకు అలా ఉందో చెబుతాడు. ట్రేడ్ విశ్లేషకుడు వసూళ్లు, బిజినెస్ లెక్కలు చూస్తాడు. డెస్కులో కూర్చునే సబ్ ఎడిటర్ ఎవరికీ కనబడడు. కానీ తప్పుడు తేదీ, తప్పుడు పేరు పత్రికలోకి వెళ్లకుండా ఆపేది ఆ మనిషే.

వీరి పక్కనే పీఆర్వో ఉంటాడు. ఆయన పని సినిమాకు ప్రచారం చేయడం, జీతం నిర్మాతో హీరోనో ఇస్తారు. అది గౌరవమైన పనే, కానీ అది పాత్రికేయం కాదు. చిక్కంతా ఈ రెండింటి మధ్య గీత హైదరాబాద్‌లో మొదటి నుంచీ పలుచగానే ఉండడం. 2021లో కన్నుమూసిన బి.ఎ.రాజు పాత్రికేయుడిగా మొదలై, తారల ప్రచార వ్యవహారాలు చూసి, సొంత సినీ పత్రిక నడిపి, సినిమాలు కూడా నిర్మించారు. పరిశ్రమలో ఆయనకు ఎంతో ఆదరణ ఉండేది. ఇలాంటి ప్రయాణం ఇక్కడ వింతేమీ కాదు. అందుకే ‘ఈయన ఇప్పుడు ఏ హోదాలో మాట్లాడుతున్నారు?’ అని పాఠకుడు తెలుసుకోవలసిన అవసరం ఇక్కడ మరింత ఎక్కువ.

జీతం: చట్టం ఒకటి, యూట్యూబ్ లెక్క మరొకటి

పత్రికల్లో పనిచేసేవారి కోసం 1955లోనే వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వచ్చింది. వారి జీతాలను సిఫార్సు చేసే వేతన సంఘాలు దాని కిందివే. మజీఠియా వేతన సంఘం సిఫార్సులను కేంద్రం 2011 నవంబరులో నోటిఫై చేసింది, 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. కానీ ఆ సిఫార్సులు వార్తాపత్రికలకు, వార్తా సంస్థలకే పరిమితం. టీవీ చానెళ్లు, వెబ్‌సైట్లు, యూట్యూబ్ చానెళ్లు వాటి పరిధిలో లేవు. సినిమా వార్తల పనిలో ఎక్కువ భాగం ఈ పదేళ్లలో చేరింది సరిగ్గా అక్కడికే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు పాత చట్టం స్థానాన్ని తీసుకున్నాయి. వర్కింగ్ జర్నలిస్టు అనే నిర్వచనంలోకి ఎలక్ట్రానిక్, డిజిటల్ మాధ్యమాల వారినీ చేర్చాయి. కాగితం మీద ఇది పెద్ద మార్పే. కృష్ణానగర్‌లో అద్దె గదిలో ఉంటూ వీడియోకు ఇంత అని తీసుకునే కుర్రవాడి దాకా అది చేరాలంటే, ముందు అతని చేతికి నియామక పత్రం రావాలి.

ఆ కుర్రవాడి చానెల్ ఎలా సంపాదిస్తుందో చూద్దాం. ప్రకటనల్లో వాటా రావాలంటే యూట్యూబ్ చానెల్‌కు కనీసం 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి (షార్ట్స్‌కు వేరే లెక్క ఉంది). ఆ తర్వాత పెద్ద వీడియోల మీద వచ్చే ప్రకటన ఆదాయంలో 55 శాతం చానెల్‌ది, మిగతాది యూట్యూబ్‌ది.

ఇప్పుడు ఒక ఊహాత్మక లెక్క. లక్ష వీక్షణలకు ప్రకటనదారులు 10,000 రూపాయలు ఇచ్చారనుకుందాం. చానెల్‌కు వచ్చేది 5,500. ఒక సీనియర్ సినిమా ఎడిటర్‌ను ఒప్పించి, ఆయన పాత సినిమాలు మళ్లీ చూసి, గంటన్నర ఇంటర్వ్యూ తీయడానికి ముగ్గురు మనుషులకు మూడు రోజులు పట్టింది. వీక్షణలు లక్ష. అంటే తొమ్మిది పనిదినాలకు 5,500 రూపాయలు, రోజుకు ఒక మనిషికి 611. అదే చానెల్‌లో ఒకరు పూటలో ‘ఆ హీరోయిన్‌కు పెళ్లి కుదిరిందా?’ అని, జవాబు లేని ప్రశ్న మీద ఏడు నిమిషాల వీడియో చేశారు. వీక్షణలు 5 లక్షలు, రాబడి 27,500. యజమాని చెడ్డవాడు కానక్కరలేదు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే మూడో నెలకు ఏ వీడియోలు ఎక్కువవుతాయో అర్థమవుతుంది. గాసిప్ పెరగడానికి విలేకరుల వ్యక్తిత్వం కంటే ఈ గణితమే పెద్ద కారణమని నా అభిప్రాయం.

అయితే మరో కోణం కూడా ఉంది. ఇదే ఏర్పాటు వల్ల ఏ పత్రికలోనూ ఉద్యోగం దొరకని వాళ్లు, ఎవరి సిఫార్సూ లేని వాళ్లు సొంతంగా నిలబడ్డారు. ముప్పై ఏళ్ల క్రితం సినిమా గురించి నలుగురూ చదివేలా రాయాలంటే ఏదో ఒక సంపాదకుడి తలుపు తట్టక తప్పేది కాదు. ఇప్పుడు ఆ తలుపు లేదు. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు.

దగ్గరితనం: అందరికంటే ముందు చూడడం విలువైనదేనా?

ఈ వృత్తిలో బయటివారిని ఎక్కువగా ఆకర్షించేది జీతం కాదు. సెట్‌లోకి వెళ్లడం, హీరోతో మాట్లాడడం, అందరికంటే ముందు సినిమా చూడడం. అన్నపూర్ణ స్టూడియోలో ఒక ఫ్లోరు మీద రాత్రంతా వేసిన సెట్‌ను మొదటిసారి చూసినప్పుడు కలిగే ఆశ్చర్యాన్ని నేను కాదనలేను. చెక్క, థర్మోకోల్, రంగులతో కట్టిన గుడి గోపురం కెమెరాలోంచి చూస్తే నిజమైపోతుంది. ఆ క్షణం కోసమే చాలామంది ఇందులోకి వస్తారు, అందులో తప్పేమీ లేదు.

కానీ దగ్గరితనాన్ని ఇచ్చేది నిర్మాణ సంస్థ. ఇచ్చిన చేయి తీసేసుకోనూగలదు. విడుదలకు ముందు జరిగే రౌండ్ టేబుల్ ఇంటర్వ్యూనే చూడండి. హీరో ఇచ్చిన సమయం 20 నిమిషాలు, బల్ల చుట్టూ 8 మంది విలేకరులు. మనిషికి వచ్చేది రెండున్నర నిమిషాలు. ఒక ప్రశ్న, దానికి జవాబు, అంతే. ఆ జవాబే మిగతా ఏడుగురికీ అందుతుంది. మర్నాడు ఎనిమిది పత్రికల్లో ఒకే వాక్యం కనబడిందంటే అది నకలు కొట్టడం వల్ల కాదు, ఏర్పాటే అలాంటిది. ఆ గదిలో అసౌకర్యమైన ప్రశ్న అడిగితే వచ్చే సినిమాకు పిలుపు రాకపోవచ్చు. అడగకపోతే పాఠకుడికి కొత్తగా ఇచ్చేదేమీ ఉండదు.

దీనిపై పీఆర్వోల వాదన వినదగినదే. ‘మేము ఖర్చు పెట్టి ఏర్పాటు చేసేది సినిమా గురించి నలుగురికీ చెప్పడానికి. హీరో సొంత జీవితం గురించి అడగడానికి కాదు’ అంటారు. కొందరు విలేకరులు తారల కొలతలు, పెళ్లిళ్లు అడిగి తలవంపులు తెచ్చిన మాటా నిజమే. విలేకరుల వాదన ఇంకోలా ఉంటుంది: ‘సినిమాకు టికెట్ ధర పెంచమని ప్రభుత్వాన్ని అడిగినవారు, పారితోషికాల గురించి అడిగితే మాత్రం అది సినిమా విషయం కాదంటే ఎలా?’ నా మట్టుకు ఈ రెండో వాదనలో బలం ఎక్కువ ఉంది. ప్రజల జేబును తాకే ప్రతి విషయమూ అడగదగినదే.

ఎక్కువ విలువైన దగ్గరితనం తారలతో ఉండేది కాదు. ప్రొడక్షన్ మేనేజరు, సౌండ్ మిక్సింగ్ చేసే ఇంజినీరు, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో థియేటర్ మేనేజరు, కృష్ణానగర్‌లో పొద్దున్నే వాహనం కోసం ఎదురుచూసే జూనియర్ ఆర్టిస్టు: వీళ్లను తెలిసి ఉండడమే అసలు ఆస్తి. 2025 ఆగస్టులో 30 శాతం వేతన పెంపు కోరుతూ సినీ కార్మికులు సమ్మెకు దిగి షూటింగులు ఆపినప్పుడు ఇది స్పష్టంగా తెలిసింది. లైట్‌మన్ రోజు కూలీ ఎంతో, కాల్షీటు (ఒక విడత పని) ఎన్ని గంటలో ముందే తెలిసినవారు రెండు పక్షాల మాటలనూ తూచి రాయగలిగారు. మిగతావారు ఉభయుల ప్రెస్ నోట్లను వరుసగా అచ్చు వేశారు.

295 రూపాయల టికెట్: లెక్క చదవగలవాడి విలువ

ఈ వృత్తి ఇచ్చే మరో ప్రతిఫలం విద్య. ఒక పరిశ్రమ లోపలి నుంచి ఎలా నడుస్తుందో జీతం తీసుకుంటూ నేర్చుకోవచ్చు. ఉదాహరణకు ‘100 కోట్ల పోస్టరు’ను తీసుకుందాం.

గ్రాస్ అంటే ప్రేక్షకుడు కట్టిన మొత్తం. అందులోంచి జీఎస్టీ తీసేస్తే నెట్. నెట్‌లోంచి థియేటర్ అద్దెనో వాటానో పోగా డిస్ట్రిబ్యూటర్ చేతికి వచ్చేది షేర్. హైదరాబాద్ మల్టీప్లెక్సుల్లో చాలాకాలంగా మనకు అలవాటైన టికెట్ ధర 295 రూపాయలు. ఆ అంకె ఎందుకంత వింతగా ఉంది? 250 రూపాయల టికెట్ మీద 18 శాతం జీఎస్టీ 45 రూపాయలు, కలిపితే 295. ఇక ఆ 250లో థియేటరు, డిస్ట్రిబ్యూటరు చెరిసగం పంచుకున్నారనుకుందాం. షేర్ 125. అంటే ప్రేక్షకుడు 295 ఇస్తే డిస్ట్రిబ్యూటర్‌కు చేరింది 125, దాదాపు 42 శాతం. ఈ లెక్కన 100 కోట్ల గ్రాస్ అని పోస్టరు పడితే షేర్ 42 కోట్ల చుట్టుపక్కల ఉంటుంది. ఆ సినిమా హక్కులను డిస్ట్రిబ్యూటర్లు 60 కోట్లకు కొని ఉంటే, 100 కోట్ల పోస్టరు పక్కనే 18 కోట్ల నష్టం ఉన్నట్టు.

అసలు లెక్క ఇంత సాఫీగా ఉండదు. 100 రూపాయలు, అంతకు తక్కువ టికెట్లకు జీఎస్టీ వేరు, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. సింగిల్ స్క్రీన్లలో చాలాచోట్ల వాటా పద్ధతి కాదు, అద్దె పద్ధతి. తమకూ శాతం వాటా కావాలని ఎగ్జిబిటర్లు (థియేటర్లు నడిపేవారు) 2025 మేలో పట్టుబట్టి, జూన్ నుంచి థియేటర్లు మూసే మాట కూడా తెచ్చారు. అద్దెకూ వాటాకూ తేడా తెలియని విలేకరికి అది ఇద్దరు పెద్దమనుషుల గొడవగా కనబడింది. తెలిసినవారికి, ఒక సినిమా మూడో వారంలో థియేటర్‌లో ఉంటుందా ఊడుతుందా అనే ప్రశ్నగా కనబడింది.

సినిమా బీటును తేలిక పనిగా చూసేవారికి 2024 డిసెంబరు 4 రాత్రిని గుర్తు చేయాలి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్‌లో ప్రీమియర్ సమయంలో జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ ప్రాణాలు కోల్పోయారు. ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడ్డాడు. ఆ రాత్రి అక్కడికి వెళ్లిన వినోద విలేకరులకు మర్నాటి నుంచి కావలసింది తారలతో పరిచయం కాదు. బెనిఫిట్ షోకు అనుమతి ఎవరిస్తారు, బందోబస్తు ఎవరి బాధ్యత, బెయిలు వినతి ఏ కోర్టులో వస్తుంది అనేవి తెలిసి ఉండడం. అన్నిటికంటే ముందు, ఆ కుటుంబం గడపలో కెమెరా ఎప్పుడు దించాలో తెలిసి ఉండడం.

సమీక్ష చుట్టూ ఉన్న వివాదం

రేటింగు ఇక్కడి ప్రత్యేక జాడ్యం. రెండున్నరకూ రెండుముప్పావుకూ మధ్య ఉన్న పావు చుక్క మీద ఫోన్లు మోగుతాయి. వెయ్యి పదాల సమీక్ష రాసినా అందరూ చివరి అంకె చూస్తారు. ఆ అంకెను పెట్టవద్దని వాదించిన సమీక్షకులు నాకు తెలుసు. పెట్టకపోతే ఎవరూ లింకు నొక్కరని సంస్థలు ఒప్పుకోలేదు.

నిర్మాతల బాధ నిజమైనది. రెండేళ్ల శ్రమ, అప్పు తెచ్చిన డబ్బు, శుక్రవారం ఉదయం ఆట మధ్యలోనే ఫోనులో తీర్పు. సినిమా చూడకుండానే తిట్టేవారూ ఉన్నారు. 2024 డిసెంబరులో తమిళ నిర్మాతలు విడుదలైన మొదటి మూడు రోజులు ఆన్‌లైన్ సమీక్షలను ఆపాలని మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. కోర్టు మధ్యంతర నిషేధానికి అంగీకరించలేదు. విమర్శ భావప్రకటన స్వేచ్ఛలో భాగమన్నది సమీక్షకుల వైపు వాదన. కాపీరైటు చట్టం (1957) 52వ సెక్షన్ కూడా విమర్శ, సమీక్షల కోసం సినిమాలోని భాగాన్ని న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని ఉల్లంఘనగా చూడదు. ఆచరణలో చిన్న చానెల్‌కు ఈ రక్షణ అంత సులభంగా అందదు. 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు (హక్కుదారు ఫిర్యాదు మీద యూట్యూబ్ వేసే హెచ్చరికలు) పడితే యూట్యూబ్ చానెల్ మూతపడవచ్చు. కోర్టు దాకా వెళ్లే స్తోమత ఎందరికి ఉంటుంది?

పాఠకుల అనుమానం మరొకటి: డబ్బు తీసుకుని రాశారా? ఇక్కడ ఒక తేడా గమనించాలి. డబ్బు తీసుకుని ‘ఇది ప్రకటన’ అని చెప్పి చేసేది వ్యాపారం. చెప్పకుండా చేసేది మోసం. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్లకు నియమాలు పెట్టింది, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు విడుదల చేసింది. డబ్బో కానుకో అందితే ఆ విషయం స్పష్టంగా కనబడేలా చెప్పాలన్నది రెండింటి సారం. విడుదలకు ముందు ‘సినిమా అదిరిపోయింది’ అనే పోస్టులు వరుసగా ఒకే మాటలతో కనబడినప్పుడు ఆ ప్రకటన గుర్తు ఎక్కడుందో వెతకండి.

దశాబ్దాల తర్వాత తేలిన ఒక తేదీ

ఇప్పటిదాకా చెప్పిన ప్రతిఫలాలన్నీ వారం, నెల లెక్కన వచ్చేవి. సంవత్సరాల మీద వచ్చేది ఇంకొకటి ఉంది, నేను అన్నిటికంటే ఎక్కువగా గౌరవించేది అదే.

తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు పుస్తకాల్లో రాశారు, ఆ రోజునే తెలుగు సినిమా పుట్టినరోజుగా జరుపుకున్నారు. పాత్రికేయుడు రెంటాల జయదేవకు ఆ తేదీ మీద అనుమానం వచ్చింది. పాత పత్రికలు, ప్రకటనలు, సెన్సారు వివరాలు వెతికి, ఆ చిత్రానికి 1932 జనవరి 22న బొంబాయిలో సెన్సారు జరిగిందని, 1932 ఫిబ్రవరి 6న అక్కడి కృష్ణా సినిమా థియేటర్‌లో విడుదలైందని ఆధారాలతో చూపించారు. అప్పటిదాకా అందరూ చెప్పిన తేదీ నాటికి ఆ సినిమాకు సెన్సారే కాలేదన్నమాట. ఇప్పుడు ఫిబ్రవరి 6నే తెలుగు సినిమా దినంగా గుర్తు చేసుకుంటున్నారు. ఈ పనికి ఏ నిర్మాతా ఇంటర్వ్యూ ఇవ్వనక్కర లేదు, ఏ పీఆర్వో పిలవనక్కర లేదు. దుమ్ము పట్టిన సంపుటాల ముందు కూర్చునే ఓపిక ఒక్కటే కావలసింది.

పేరు విషయంలోనూ ఈ వృత్తికి చరిత్ర ఉంది. కృష్ణా పత్రికలో ‘సినీఫాన్’ పేరుతో సమీక్షలు రాసిన కమలాకర కామేశ్వరరావు తర్వాత పౌరాణిక చిత్రాల దర్శకుడిగా నిలిచిపోయారు. ఆంధ్రపత్రికలో సినిమా రాతలు రాసిన ముళ్లపూడి వెంకటరమణ రచయితగా తెలుగు సంభాషణకే కొత్త నడక నేర్పారు. పాత్రికేయం నుంచి సినిమాలోకి వెళ్లే ఈ దారి నేటికీ తెరిచే ఉంది, చాలామంది యువకులు ఈ వృత్తిని దానికి మెట్టుగానే చూస్తారు. మెట్టుగా చూసేవారితో ఒక ఇబ్బంది ఉంది: రేపు కథ చెప్పాలనుకున్న నిర్మాత సినిమాను ఈరోజు నిక్కచ్చిగా విమర్శించడం కష్టం.

ఎక్కడికీ వెళ్లకుండా ఇందులోనే ఉండిపోయినవారూ ఉన్నారు. 2022 జులైలో హైదరాబాద్‌లో కన్నుమూసిన గుడిపూడి శ్రీహరి సినిమాలతోపాటు నాట్య ప్రదర్శనలు, సంగీత కచేరీల మీద కూడా దశాబ్దాల పాటు రాశారు. సినిమాను మిగతా కళల మధ్య నిలబెట్టి చూసే ఆ చూపు తారల చుట్టూ తిరిగితే రాదు. జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ సినీ విమర్శకుడి విభాగం 1984 నుంచి ఉంది. 2021వ సంవత్సరానికి అది తెలుగు విమర్శకుడు పురుషోత్తమాచార్యులుకు దక్కింది.

వెబ్ కాలంలో ఆ సంపుటం ఎక్కడ?

ఇక్కడే నాకు దిగులు కలిగించే చిక్కు ఒకటి ఉంది. 1932 నాటి తేదీని తేల్చగలిగారంటే నాటి కాగితం ఇంకా ఎక్కడో మిగిలి ఉంది కాబట్టి. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి చోట్ల పాత పత్రికలు తిరగేస్తే ఏ సినిమాను ఆనాడు ఎవరు ఎలా చూశారో ఇప్పటికీ తెలుసుకోవచ్చు. 2010 తర్వాత హైదరాబాద్‌లో పుట్టి మూతపడిన సినిమా వెబ్‌సైట్ల సంగతి అలా లేదు. సైటు పేరు రెన్యువల్ చేయకపోతే ఆ రాతలన్నీ ఒక్క రోజులో మాయమవుతాయి. చానెల్ అమ్ముడైతే కొత్త యజమాని పాత ఇంటర్వ్యూలను ప్రైవేటులో పెట్టేస్తాడు. అలా పోయిన వాటిలో, ఇప్పుడు మన మధ్య లేని సాంకేతిక నిపుణులు కెమెరా ముందు కూర్చుని చెప్పిన గంటల కొద్దీ జ్ఞాపకాలు ఉన్నాయి.

ఈ మధ్య ఉస్మానియా క్యాంపస్ దగ్గర కలిసిన ఒక జర్నలిజం విద్యార్థిని ‘మొదటి జీతం ఎంత రావచ్చు సార్?’ అని అడిగింది. సంస్థను బట్టి ఉంటుందమ్మా అని, నాకు తెలిసిన అంకెలు చెప్పాను. ఆ తర్వాత, ఉద్యోగ ఒప్పందంలో రాసినవాటి మీద హక్కు ఎవరికి ఉంటుందో చదువుకోమని, తాను చేసే ప్రతి ఇంటర్వ్యూ పూర్తి ధ్వనిని, తేదీ వేసి, సొంత హార్డ్ డిస్కులో దాచుకోవచ్చో లేదో అడిగి తెలుసుకోమని చెప్పాను. ఆమె ఫోను తీసి ఆ రెండూ రాసుకుంది.